ముప్పై రెండో వరస

ఒంగోలు కర్నూలు రోడ్డులో మా ఆఫీసు.
కింద టైర్ల కొట్టు, పైన మేం.
చీమకుర్తి రాయిని పలకలుగా కోసే గ్యాంగ్‌సా మిషన్లు చేస్తాం.
అంటే, చేసేది షెడ్డులో వాళ్లు.
వాటి లెక్క ఉంచేది నేను.

తెర మీద మిషను పేరు పక్కన చిన్న కూడిక గుర్తు.
నొక్కితే పిల్లలు, పిల్లలకు పిల్లలు.
బోల్టుకి తండ్రి బ్రాకెట్టు, బ్రాకెట్టుకి తండ్రి ఫ్రేము,
ఏడు తరాల దాకా.
మొత్తం నాలుగువేల ఎనిమిది వందల పన్నెండు వరసలు.
అన్నీ ఒకేసారి తెరిస్తే
కంప్యూటరు కూడా నోరెళ్లబెట్టి కూర్చుంటుంది.

అందుకే ఫిల్టర్లు.
ఈ తేదీకి చెల్లేవే చూపించు.
ఈ మిషనుకి పడేవే చూపించు.
మూడు తరాలు దాటి కిందికి పోవద్దు.
రంగులు, స్టిక్కర్లు, ప్యాకింగు చెక్కలు వద్దు.
ఒక్కో షరతూ పెట్టేకొద్దీ తెర తేలికవుతుంది,
చేటలోంచి పొల్లు ఎగిరిపోయినట్టు.

పొల్లు ఎక్కడికో పోవాలి గదా.
చీమకుర్తి పోయేటప్పుడు బస్సు కిటికీలోంచి చూస్తుంటా:
ఏరిన రాళ్లు లారీలెక్కి ఓడరేవుకి పోతాయి,
వద్దన్నవి అక్కడే పేరుకుంటాయి.
ఒకప్పటి గుట్ట ఇప్పుడు గొయ్యి.
ఒకప్పటి చేను ఇప్పుడు గుట్ట.
"అది కొండ కాదమ్మే," అన్నాడొకసారి కండక్టరు
టికెట్టు చింపుతూ,
"వద్దనుకున్నది."

మొన్న అర్ధరాత్రి మాలకొండయ్య ఫోను.
"అమ్మే, పదిహేడో మిషను వణకతా ఉంది.
రాయి మీద గీతలు పడతా ఉండాయి.
దాని లోపల ఏమేం ఉండాయో చదువు."

మంచం మీదే ల్యాప్‌టాప్ తెరిచా.
మిషను పదిహేడు. ఈ రోజు తేదీ. ఫ్లైవీలు వైపు మాత్రమే.
ముప్పై ఒక్క వరసలు మిగిలాయి.
నేనొక్కోటీ చదువుతుంటే
అతను టార్చి వేసి చూసి "ఉంది", "ఉంది" అంటున్నాడు.
వెనక ఎవరో నీళ్ల పంపు ఆపారు.
ముప్పై ఒకటీ ఉన్నాయి. ఉండాల్సిన చోటే ఉన్నాయి.

కాసేపాగి, "అయితే
నేను పెట్టిన ముక్క యాడుందో చూడు," అన్నాడు.

ఏ ముక్క?

"బేరింగు కింద. పాత కన్వేయరు బెల్టు కోసి పెట్టినా.
కంపెనీ వాషరు వారం కూడా ఆగలా, ఇది రెండేళ్లు ఆగింది.
అరిగిపోయినట్టుంది. మందమెంతో రాసుంటారు గదా మీరు."

తేదీ షరతు తీసేశా.
తరాల హద్దు తీసేశా.
పదిహేడునీ తీసేసి అన్ని మిషన్లూ పరిచా.
రద్దయినవి, పాతబడినవి, ఎప్పుడో పేరు మార్చుకున్నవి,
స్టిక్కర్లతో సహా.

ఫిల్టరు దాచినదాన్ని ఫిల్టరు తీస్తే చూడొచ్చు.
ఎవరూ రాయనిదాన్ని
ఏది తీసి చూడాలి?

"లేదు మాలకొండయ్యా."
"లేకపోతే ఇన్నాళ్లూ మిషను దేనిమీద తిరిగిందంట?"
నవ్వాడు. నాకు నవ్వు రాలా.

కొత్త వరస తెరిచా. తండ్రి: బేరింగు హౌసింగు.
మందం? "రెండు రూపాయి బిళ్లలు."
కొలిచి చెప్పమన్నా. మూడున్నర మిల్లీమీటర్లు.
ఎప్పటినుంచి చెల్లుతుంది? ఆ గడి ఖాళీ వదిలితే ఒప్పుకోదు.
"తుపానుకి కరెంటు పోయిందే, దాని మర్నాడు."
షెడ్డు సెలవుల పట్టీ తీసి తేదీ పట్టుకున్నా.
వివరం గడిలో నలభై అక్షరాలే, అవీ ఇంగ్లీషువే.
బెల్టు రబ్బరు, మందం, బేరింగు కింద
అని కొట్టేసరికి మూడు మిగిలాయి.
మాలకొండయ్య మూడింట్లో పట్టడు.
ఆ మూడూ అట్లాగే వదిలేశా.

తెల్లారి మళ్లీ అవే షరతులు పెట్టా:
పదిహేడు, ఈ రోజు, ఫ్లైవీలు వైపు.
ముప్పై రెండు.

ఫోను మోగింది.
వెనకాల రంపం, ఒకే తీరుగా, రాయిలోకి దిగుతూ.
"కనిపిస్తా ఉందా?"
"ఉంది."
"సరే అయితే," అన్నాడు,
"ఇప్పుడు తొమ్మిదో మిషను తెరువు."